ఐబొమ్మ సినిమా, టెలిగ్రామ్ పీడీఎఫ్: రెండూ ఒకే తప్పా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒకరు అడిగారు. కొత్త సినిమాలు పైరసీ సైట్లలో చూస్తారట. కోచింగ్ మెటీరియల్, తెలుగు నవలలు టెలిగ్రామ్‌లో దింపుకుంటారట. సొంతంగా ఒక చిన్న ఛానెల్ కూడా ఉంది, అందులో నవలల పీడీఎఫ్‌లు పెడుతుంటారు. రూమ్మేట్ దీన్ని పచ్చి దొంగతనం అన్నాడు. ఇంకో ఫ్రెండ్ మాత్రం ‘హీరోలు కోట్లు తీసుకుంటున్నారు, మనం ఫ్రీగా చూస్తే వాళ్లకేం తగ్గుతుంది’ అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం అని అడిగారు.

నేను తెలుగు పుస్తకాల ప్రచురణలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని. చిక్కడపల్లిలో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని), ప్రూఫులతో మొదలుపెట్టి తర్వాత సొంతంగా పుస్తకాలు వేయడం వరకూ వచ్చాను. కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. అది దృష్టిలో పెట్టుకునే చదవండి.

దొంగతనమా కాదా అనే వాదనలోకి నేను దిగను. అది ఎంతసేపు సాగినా తేలదు. నేను వేసుకునే ప్రశ్న వేరు. డబ్బు కట్టి తీసుకునే దారి ఉందా? ఉంటే, దాన్ని దాటేసి వెళ్తే దెబ్బ ఎవరి మీద పడుతుంది? ఇలా అడిగితే మీ సినిమాలకూ, మెటీరియల్‌కూ, నవలలకూ మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి. అన్నిటికంటే తక్కువ తప్పు అని మీరు అనుకుంటున్నదే నా లెక్కలో పెద్ద తప్పు.

సినిమాలతో మొదలుపెడదాం. అందరూ మాట్లాడేది వాటి గురించే కదా. 2025 నవంబర్‌లో పైరసీ సైటు ఐబొమ్మ నడిపిన వ్యక్తి అంటూ ఒకరిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో అరెస్టు చేసినప్పుడు సోషల్ మీడియా ఎలా ఊగిపోయిందో గుర్తుందా? ‘మధ్యతరగతి వాడికి సినిమా చూపించాడు, వదిలేయండి’ అని పోస్టులే పోస్టులు. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. ఆ అభిమానం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు అర్థమైంది. కుటుంబంతో మల్టీప్లెక్స్‌కి వెళ్లాలంటే టికెట్లు, వాటి మీద 18 శాతం జీఎస్టీ, ఆన్‌లైన్ బుకింగ్ ఛార్జీ, లోపల పాప్‌కార్న్, అన్నీ కలిపి నెల బడ్జెట్ తలకిందులవుతుంది. పెద్ద సినిమా అయితే మొదటి వారం రేటు పెంచుకోవడానికి ప్రభుత్వమే ప్రత్యేక అనుమతి ఇస్తూ వచ్చింది. కోపం రావడం సహజం.

కానీ ఆ సైట్లు నడిచేది దానధర్మం మీద కాదు. ఐబొమ్మ ద్వారా బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం జరిగిందని పోలీసులు చెప్పారు. ఏ పైరసీ సైటైనా తెరిచి చూడండి. ఒక్క క్లిక్‌కి నాలుగు విండోలు లేస్తాయి, అందులో రెండు పేకాటవో క్రికెట్ బెట్టింగువో అయి ఉంటాయి. తెలంగాణలో ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే చట్టం చేసి నిషేధించారు. అయినా ఆ యాప్‌ల వల్ల అప్పులపాలైన కుర్రాళ్ల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాం. ‘ఫ్రీ’ సినిమాకి టికెట్ డబ్బు వాళ్ల దగ్గర వసూలవుతోంది. నిర్మాతకి డబ్బు ఇవ్వకపోవడం ఒక ఎత్తు, ఈ దుకాణానికి గిరాకీ ఇవ్వడం ఇంకో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది.

ఇక ‘హీరోలకి కోట్లు’ అన్న మాట. మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పెద్ద హీరో పారితోషికంలో చాలా భాగం సినిమా విడుదలయ్యేలోపే చేతికి వచ్చేస్తుంది. మీరు థియేటర్లో చూసినా ఫోన్లో చూసినా దాంట్లో పెద్దగా తేడా రాదు. తేడా వచ్చేది నైజాం (తెలంగాణ) హక్కులో సీడెడ్ (రాయలసీమ) హక్కులో ముందే డబ్బు పోసి కొనుక్కున్న డిస్ట్రిబ్యూటర్‌కి, ఆయన కింద ఉన్న సింగిల్ స్క్రీన్‌కి, అందులో పార్కింగ్ చూసుకునే వాడి దాకా. అంటే మీరు హీరో మీద విసిరానని అనుకుంటున్న రాయి హీరోకి తగలడం లేదు.

2013 సెప్టెంబర్‌లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగం సినిమా బయటికొచ్చేసింది. హడావుడిగా ఆ నెల 27నే విడుదల చేశారు, అయినా పెద్ద హిట్టయింది. పైరసీ వల్ల నష్టం లేదనడానికి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. ఆ ఉదాహరణతో తేలేది ఒక్కటే. జనం ఎలాగైనా థియేటర్లోనే చూడాలనుకునే స్టార్ సినిమా లీకునైనా తట్టుకుంటుంది. కొత్త దర్శకుడు, తెలియని ముఖాలు, మౌత్ టాక్ వస్తే తప్ప రెండో వారం ఉండని సినిమా అయితే అలా తట్టుకోలేదు. రెండో రోజే మంచి ప్రింట్ దొరికితే ‘బాగుందట’ అన్న మాట థియేటర్‌కి చేరే లోపు లింకుకి చేరిపోతుంది.

అలాగని పరిశ్రమ చెప్పే కన్నీటి కథలన్నీ నమ్మమని కూడా అనను. పైరసీ వ్యతిరేక ప్రెస్‌మీట్ పెట్టిన ప్రతిసారీ లైట్‌బాయ్ గురించి, కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల గురించి చెబుతారు. ఆ కార్మికులే 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు అడుగుతూ షూటింగులు ఆపేయాల్సి వచ్చింది. పైరసీ తగ్గితే వాళ్ల కూలి దానంతట అదే పెరుగుతుందని నాకేం నమ్మకం లేదు. పేదవాణ్ని అడ్డం పెట్టుకుని మాట్లాడటం ఇద్దరికీ అలవాటైపోయింది, పైరసీ సైటుకీ నిర్మాతకీ.

సినిమాల విషయంలో నా మాట సూటిగా చెప్పేస్తాను. టికెట్ ఖరీదైతే ఆగండి. చాలా సినిమాలు నాలుగైదు వారాల్లో, మహా అయితే ఎనిమిది వారాల్లో ఓటీటీకి వస్తున్నాయి. రూమ్‌లో నలుగురు కలిసి కడితే నెలకు ఒక టీ, సమోసా ఖర్చు. సినిమా బియ్యం కాదు, ఈ శుక్రవారమే తినకపోతే ఆకలితో ఉండిపోం. ఈ తొందర మనకి అలవాటు చేసిందే తప్ప అవసరం కాదు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. థియేటర్లో సినిమా రికార్డు చేస్తే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు. జరిమానా 3 లక్షలతో మొదలై నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. ఆచరణలో పోలీసులు వెంటపడేది అప్‌లోడ్ చేసేవాళ్ల వెంట, ఛానెల్ నడిపేవాళ్ల వెంట. చూసేవాడి ఇంటికి వచ్చింది తక్కువ. మీకు ఛానెల్ ఉందన్నారు కాబట్టి మీరు ఏ గీతకి ఏ పక్కన ఉన్నారో చూసుకోండి.

కోచింగ్ మెటీరియల్ విషయంలో నేను మీ పక్షమే, కొంతవరకు. చదువుకి సంబంధించినదాన్ని, సరదా కోసం చూసేదాన్ని ఒకే తక్కెడలో వేయకూడదు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు తెలుసా? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థలు క్యాంపస్‌లోని ఒక చిన్న జిరాక్స్ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశాయి. పాఠ్యాంశాల కోసం పుస్తకాల్లోంచి కొన్ని అధ్యాయాలు కాపీ చేసి కట్టగా అమ్ముతున్నారని ఆరోపణ. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి షాపు పక్షాన తీర్పిచ్చారు. కాపీరైట్ అనేది దేవుడిచ్చిన హక్కో సహజ హక్కో కాదని, సమాజంలో జ్ఞానం పెరగడానికి పెట్టుకున్న ఏర్పాటు అని ఆ తీర్పు సారాంశం. తర్వాత డివిజన్ బెంచ్ కొన్ని అంశాలు తిరిగి చూడమన్నా, 2017లో ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు. మొత్తం పుస్తకాన్ని స్కాన్ చేసి వేలమందికి పంచుకోవచ్చని ఆ తీర్పు చెప్పలేదు, అది గుర్తుంచుకోండి. కానీ బోధన కోసం, చదువు కోసం కాపీ చేసుకోవడానికి మన చట్టంలో 52వ సెక్షన్ నిజంగానే చోటు ఇస్తుంది. సొంతంగా చదువుకోవడానికి న్యాయమైన మేరకు వాడుకోవడం కూడా అందులో ఉంది.

అశోక్‌నగర్‌లో తిరిగే మెటీరియల్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఫలానా సార్ నోట్స్ అని జిరాక్స్ షాపులో కట్టలు కట్టి అమ్ముతారు. తెరిచి చూస్తే సగం పేజీలు ఏదో ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తినవే. అలాంటి కట్ట ఇంకో పీడీఎఫ్‌గా మారితే నాకు కన్నీళ్లు రావు. ఒక టీచర్ కూర్చుని సొంతంగా రాసి, అచ్చేయించి, తక్కువ ధరకే అమ్ముతున్న పుస్తకం మాత్రం వేరు. ఆయన బతుకుతెరువు అదే అయితే కొనండి, లేదా ముగ్గురు కలిసి ఒకటి కొని పంచుకోండి. చేతులు మారే పుస్తకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్కూలు పాఠ్యపుస్తకాలైతే ఎన్‌సీఈఆర్‌టీ, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లలోనే ఉచితంగా ఉన్నాయి. టెలిగ్రామ్‌లో వెతికి మరీ వాటర్‌మార్కులున్న కాపీలు దింపుకునే వాళ్లని చూస్తే నవ్వొస్తుంది. మీకు నాలుగడుగుల దూరంలో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, కాస్త దూరంలో అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

పరిశోధన వ్యాసాల గురించి మీరు అడగలేదు గానీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు కాబట్టి ఒక మాట. జర్నల్లో వ్యాసం రాసినవాడికి దాని అమ్మకం మీద పైసా రాదు, పరీక్షించిన రివ్యూయర్‌కీ సాధారణంగా రాదు. అలాంటి వ్యాసం కోసం విద్యార్థి వేల రూపాయలు కట్టాలనడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా తోచదు. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 6,000 కోట్లతో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ తెచ్చింది. 30 ప్రచురణ సంస్థలవి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకి అందుతాయి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఇంకా బయటే ఉన్నారు. వాళ్లకి నేనిచ్చే సలహా, రచయితకే మెయిల్ పెట్టండి. అడిగితే సంతోషంగా పంపేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు నవలలు. అసలు నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

తెలుగులో ఒక కొత్త రచయిత కథల పుస్తకం ఎన్ని కాపీలు వేస్తారో ఊహించండి. చాలాసార్లు 500. ఉజ్జాయింపుగా లెక్క చెబుతాను, పేజీల్ని బట్టి కాగితాన్ని బట్టి మారుతుంది. పుస్తకం ధర 200 రూపాయలు. షాపు, డిస్ట్రిబ్యూటర్ కమిషన్ 40 శాతం, అంటే 80 పోయింది. రచయితకి 10 శాతం, ఇంకో 20. మా చేతికి వచ్చేది కాపీకి 100. అచ్చుకి కాపీకి 80 చొప్పున 500 కాపీలకి 40,000 ముందే పెట్టేశాం. అంటే 400 కాపీలు అమ్ముడయ్యేదాకా అచ్చు ఖర్చే వెనక్కి రాదు. ఆఖరి వంద కాపీలే ప్రచురణకర్తకి మిగిలేది. ముఖచిత్రం, ప్రూఫ్ రీడింగ్, గోడౌన్ అద్దె, బుక్ ఫెయిర్ స్టాల్ అన్నీ ఆ పదివేలలోనే సర్దుకోవాలి. రెండో ముద్రణ వేయాలా వద్దా అన్నది తేలేది కూడా ఆ వంద కాపీల దగ్గరే.

పీడీఎఫ్ దింపుకున్న ప్రతివాడూ కొనేవాడే అనే లెక్క నేను వేయను, అది తప్పుడు లెక్క. వెయ్యి మంది దింపుకుంటే తొమ్మిది వందల మంది చదవనే చదవరు, ఫోన్లో పడి ఉంటుంది. కానీ మిగిలిన వందమంది ఉన్నారు చూశారా, తెలుగు కథల్ని నిజంగా వెతుక్కుని చదివేవాళ్లు, మా ఆఖరి వంద కాపీల పాఠకులు సరిగ్గా వాళ్లే. కోట్ల ప్రేక్షకులున్న సినిమాకి వందమంది పోతే తెలియదు. 500 కాపీల పుస్తకానికి వందమంది పోతే పుస్తకమే పోతుంది. హీరో మీద కోపంతో తయారుచేసుకున్న సమర్థన తీసుకొచ్చి నెల జీతంతో బతికే రచయిత మీద వాడుతున్నారు. అక్కడ నాకు మంట.

డబ్బు కంటే ముందు ఇంకోటి పోతుంది. రచయితకి తన పుస్తకం ఎంతమంది చదివారో తెలియదు. ప్రచురణకర్తకి ‘ఈవిడ పుస్తకం కదలడం లేదు’ అన్న లెక్కే కనిపిస్తుంది. రెండో పుస్తకం వేయమని వచ్చినప్పుడు నేను ఏ లెక్క చూసి ఒప్పుకోవాలి? ఛానెల్లో వచ్చిన లవ్ సింబల్స్ చూసా?

దీనికి మా వైపు నుంచి కూడా లోపం ఉంది, అది దాచను. డబ్బు కట్టి ఈ-బుక్ కొందామన్నా తెలుగులో చాలా పుస్తకాలు దొరకవు. 2016 చివర్లో కిండిల్ ఐదు భారతీయ భాషల్ని చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కినిగె లాంటి మన ప్రయత్నాలు వచ్చినా ప్రచురణకర్తల్లో చాలామంది ‘ఈ-బుక్ ఇస్తే పైరసీ అవుతుంది’ అని భయపడి ఇవ్వలేదు. విచిత్రం ఏమిటంటే, ఇవ్వని పుస్తకాలనే ఎవరో పేజీ పేజీ ఫోటో తీసి పెడుతున్నారు. దారి మూసేసి, గోడ దూకారని ఏడవడం మాకు తగదు. అమెరికాలో ఉన్న తెలుగువాడు పుస్తకం ఎక్కడా దొరక్క పీడీఎఫ్ చదివాడంటే నేను వేలెత్తి చూపను. తర్వాత ఎప్పుడో హైదరాబాద్ వచ్చినప్పుడు కొంటే సంతోషం.

పాత పుస్తకాల దగ్గర మా వృత్తివాళ్లందరూ మెత్తబడతాం, ఎందుకంటే మేమూ వాటి మీదే ఆధారపడ్డాం. ముప్పై నలభై ఏళ్ల కింద వచ్చి ఆగిపోయిన నవలని మళ్లీ వేయాలంటే మూలప్రతి ఎక్కడ దొరుకుతుంది? రచయిత ఇంట్లో చెదలు తినేసి ఉంటుంది. ప్రచురణ సంస్థ మూతపడి ఉంటుంది. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికితే అదృష్టం. చాలాసార్లు దొరికేది ఎవరో అభిమాని స్కాన్ చేసి ఆర్కైవ్‌లో పెట్టిన కాపీయే. 1947లో మొదలైన చందమామ సంచికలు ఇవాళ చదవగలుగుతున్నామంటే అలాంటి స్కాన్ల పుణ్యమే. మరోపక్క, మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇవాళ ఒక్కటీ లేదు. అప్పట్లో ఎవరైనా దొంగచాటుగా ఒక కాపీ దాచి ఉంటే ఇవాళ చేతులెత్తి దండం పెట్టేవాళ్లం. అందుకే మార్కెట్లో లేనిదాన్ని భద్రపరచడం, మార్కెట్లో ఉన్నదాన్ని పంచిపెట్టడం, ఈ రెంటినీ ఒకే పైరసీ పేరుతో పిలవడానికి నాకు మనసొప్పదు, చట్టం ఏమన్నా సరే.

డబ్బు కట్టి కొన్నవాటి గురించి కూడా ఒకటి. మనం ‘కొన్నాం’ అనుకునే డిజిటల్ సరుకు చాలావరకు అద్దెకి తీసుకున్నదే. 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాల్ని కొన్నవాళ్ల కిండిళ్లలోంచి రాత్రికి రాత్రి తీసేసింది. 2024 మార్చిలో గేమ్ కంపెనీ ఉబిసాఫ్ట్ ‘ది క్రూ’ సర్వర్లు ఆపేస్తే డబ్బు కట్టిన గేమ్ పనికిరాకుండా పోయింది. మీరు కొన్న ఈ-బుక్‌కి కాపీ కాకుండా వేసిన డిజిటల్ తాళం తీసి మీ హార్డ్ డిస్కులో ఒక కాపీ దాచుకుంటే నా దృష్టిలో తప్పేం లేదు. మన చట్టంలోని 65ఏ సెక్షన్ కూడా హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం అంటుంది. ఆ కాపీ ఛానెల్లోకి వెళ్తే లెక్క మారిపోతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. తెలుగు డీటీపీ రంగమే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ దొంగ కాపీల మీద లేచింది, అందులో రహస్యం లేదు. ఇవాళ ఆ సాకు చెల్లదు. లిబ్రేఆఫీస్, స్క్రైబస్, బ్లెండర్ ఉచితంగా ఉన్నాయి, యూనికోడ్ తెలుగు ఫాంట్లూ ఉచితమే. ఒక సాఫ్ట్‌వేర్‌తో సంపాదిస్తుంటే దానికి డబ్బు కట్టాలి. నేర్చుకునే దశలో ఉంటే స్టూడెంట్ లైసెన్సు ఉందేమో చూడండి. క్రాక్ ఫైలుతో పాటు కంప్యూటర్లోకి ఏం వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక మీ ఛానెల్. మూసేయమని అనను. దాంట్లో ఉన్న పుస్తకాల్ని ఒకసారి వేరుచేయండి. మన దగ్గర రచనకి కాపీరైట్ రచయిత పోయిన ఏడాది దాటాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, వీరేశలింగం 1919లో. వాళ్లవి ఎన్నైనా పెట్టుకోండి. కాకపోతే ఈ మధ్య ఎవరో రాసిన ముందుమాటలు, నోట్సు ఉన్న ముద్రణ కాకుండా చూసుకోండి, వాటికి హక్కులు వేరేగా ఉంటాయి. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి వాళ్ల రచనలకి 2039, 2043 దాకా హక్కులు ఉన్నట్టే. బతికున్న రచయితవి, షాపుల్లో దొరుకుతున్నవి ఈ రాత్రికే తీసేయండి. వాటి స్థానంలో పుస్తకం పేరు, రెండు మాటల పరిచయం, ఎక్కడ దొరుకుతుందో పెట్టండి. వెయ్యి మంది తెలుగు పాఠకులు ఒకచోట ఉన్న ఛానెల్ అంటే ప్రచురణకర్తలకి బంగారం, మాలాంటివాళ్లు మీకు రివ్యూ కాపీలు పంపుతాం.

ఎటూ తేలనివి మిగులుతాయి. రచయిత లేరు, 60 ఏళ్లు కాలేదు, పుస్తకం ఎక్కడా దొరకదు. వారసులెవరో కనుక్కుని ఒక ఫోన్ చేయండి. ‘నాన్నగారి పుస్తకం ఇంకా చదివేవాళ్లున్నారా’ అని ఆశ్చర్యపోయి వెంటనే సరే అనే కుటుంబాలే నాకు ఎక్కువ తగిలాయి. ఆ సరే అన్నదాన్ని వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. వారసులు అసలు దొరక్కపోతే చట్టంలో 31ఏ సెక్షన్ కింద లైసెన్సు అడిగే పద్ధతి ఉంది, కానీ ఒక టెలిగ్రామ్ ఛానెల్ కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. అలాంటివి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ జాబితా ఇక్కడే పెడితే హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలిసినంతవరకు ఒక్కోదాని పక్కన రాసి ఇస్తాను.